బండి బాగోగులు: స్టీరింగ్ బరువెక్కితే ర్యాక్ మార్చాల్సిందేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పవర్ స్టీరింగ్ గురించే. రాసినవాళ్లలో చాలామందికి షెడ్డులో చెప్పింది రెండు మాటల్లో ఒకటి: "పంపు పోయింది", లేదా "ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి ముందు చక్రాల్ని తిప్పే పళ్ల కడ్డీ, దాని గొట్టం) మార్చాలి". స్టీరింగ్ మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైనవి ఆ రెండే. మిగతావన్నీ చూసి, కాదని తేలాకే వాటి దగ్గరికి రావాలి. పంపు విప్పకముందే, మీ ఇంటి ముందే చేసుకోగలిగిన పరీక్షలు చాలా ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాం.

జవాబులు చదివేముందు మీ బండిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. బానెట్ ఎత్తితే మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న చిన్న ఆయిల్ డబ్బా కనిపించిందంటే అది హైడ్రాలిక్. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో ర్యాక్‌లోకి పంపి మీ చేతికి బలం ఇస్తుంది. పాత స్కార్పియో, ఇన్నోవా, టవేరా ఈ రకం. డబ్బా లేకపోతే ఎలక్ట్రిక్. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10, ఐ20 లాంటి చిన్న కార్లలో స్టీరింగ్ రాడ్డు మీదే, డ్యాష్‌బోర్డు కింద, ఒక మోటారు ఉంటుంది. ఆయిల్ లేదు, బెల్టు లేదు. ఎలక్ట్రిక్ బండికి "స్టీరింగ్ ఆయిల్ మార్చాం" అని ఎవరైనా బిల్లులో రాస్తే గట్టిగా అడగండి.

ప్రశ్న: మాది 2011 ఇన్నోవా. తిరుమల ట్రిప్పులకి తిరుగుతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా గుయ్‌మని మూలుగుతోంది, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంకా ఎక్కువ. డబ్బా మూత తీస్తే ఆయిల్ మీద నురగ ఉంది. కింద ఎక్కడా లీకేజీ లేదు. పంపు మార్చాలంటున్నారు, మార్చమంటారా? – ట్రావెల్స్ డ్రైవర్, తిరుపతి

వద్దు, ఇప్పుడే వద్దు. నురగ ఉందన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మీ పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా లాగుతోంది. ఆ బుడగలు పంపు లోపల ఒత్తిడికి నలిగేటప్పుడు వచ్చేదే ఆ మూలుగు. గాలి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టకుండా కొత్త పంపు వేస్తే అది కూడా మూలుగుతుంది, కొన్నాళ్లకి అరిగిపోతుంది కూడా.

ముందు ఆయిల్ మట్టం. డబ్బా మీద చల్లగా ఉన్నప్పటి గీత, వేడిగా ఉన్నప్పటి గీత వేరువేరుగా ఉంటాయి. రాత్రంతా ఆగిన బండికి చల్లటి గీతే చూడాలి. మట్టం తక్కువైతే పంపు గాలి మింగడం మామూలే. మట్టం సరిగ్గా ఉండి కూడా నురగ వస్తోందంటే అనుమానించాల్సింది డబ్బా నుంచి పంపుకి దిగే లావు రబ్బరు పైపుని. ఇంజన్ నడిచినంతసేపూ ఆ పైపులో ఆయిల్ లాగుడు మీద ఉంటుంది. పైపుకి సన్నటి పగులు ఉన్నా, క్లాంపు వదులైనా ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. నేల మీద చుక్క పడదు కాబట్టి ఆ పైపు వైపు ఎవరూ చూడరు. మీకు కింద లీకేజీ లేకపోవడానికి కారణం అదే కావచ్చు.

పరీక్ష ఇలా చేయండి. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, ఆ పైపు రెండు చివర్లా క్లాంపు చుట్టూ, పంపు దగ్గర ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు చుట్టు) ఉన్న జాయింటు మీద కొద్దిగా స్టీరింగ్ ఆయిల్ కారేలా పోయండి. తిరిగే బెల్టు మీద మాత్రం చుక్క పడకూడదు, చొక్కా చేతులు మడిచి దూరంగా పెట్టుకోండి. ఏదో ఒక జాయింటు మీద పోయగానే మూలుగు కాసేపు తగ్గిందంటే గాలి పోయే దారి అదే. ఇన్నేళ్ల ఇంజన్ వేడికి రబ్బరు బిగుసుకుపోయి ఉంటుంది, క్లాంపు ఎంత బిగించినా అతుక్కోదు. పైపు, ఓ-రింగ్, క్లాంపులు కొత్తవి వేయండి. నీళ్ల పైపు, డీజిల్ పైపు ముక్క కోసి వేయకండి. ఈ ఆయిల్‌కీ వేడికీ తట్టుకునే పైపే వేయాలి.

తర్వాత చూడాల్సింది డబ్బా అడుగున ఉండే సన్నటి జల్లెడ. ఆయిల్ ఏళ్ల తరబడి మార్చకపోతే రబ్బరు తొక్కలు, లోహపు పొడి కలిసి నల్లటి బురదలా జల్లెడకి పట్టేస్తాయి. పంపుకి ఆయిల్ సరిపడా అందదు, అప్పుడూ ఇలాగే మూలుగుతుంది. పొద్దున చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అప్పుడే ఎక్కువ. టార్చి వేసి చూడండి. చాలా డబ్బాల్లో జల్లెడ విడిగా రాదు, డబ్బా మొత్తం విప్పి కడగాలి. కడిగినా వదలకపోతే డబ్బా మార్చాలి. పంపు ధర పక్కన అదేమీ లెక్క కాదు.

పైపు మార్చారు కాబట్టి ఆయిల్ కూడా మార్చేయండి. మీ ఇన్నోవాకి డెక్స్‌రాన్ 2 లేదా 3 రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సులకి వాడే ఆయిల్) పోయాలి, ఎర్రగా ఉంటుంది. మొత్తం సిస్టమ్‌లో పట్టేది లీటరు అటూఇటూగా ఉంటుంది, పాతది పూర్తిగా కడిగి పోవాలంటే రెండు లీటర్లు కొనుక్కోండి. ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. డబ్బాలోకి తిరిగొచ్చే సన్నపైపు ఊడదీసి ఒక సీసాలో పెట్టండి, డబ్బాకున్న ఆ రంధ్రానికి బిరడా బిగించండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఒక మెట్టు తిప్పి ఉంచి, ఒకరు స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా తిప్పుతూ ఉండాలి. ఇంకొకరు డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. సీసాలో పడే ఆయిల్ నలుపు పోయి ఎరుపు వచ్చేదాకా ఇదే పని. డబ్బా ఒక్కసారి కూడా ఖాళీ కాకూడదు.

పైపు మళ్లీ బిగించాక గాలి తీయాలి. ఇంజన్ ఆపే ఉంచి ఈ చివరికీ ఆ చివరికీ 15, 20 సార్లు తిప్పండి. డబ్బాలో బుడగలు వస్తూ మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో మరికొన్ని సార్లు తిప్పండి. తొందరపడి మొదటే స్టార్ట్ చేస్తే పంపు గాలిని ఆయిల్‌తో కలిపి చిలికేస్తుంది. అలా చిలికిన నురగ విడిపోవడానికి గంటలు పడుతుంది, ఆపేసి బండిని వదిలేయడం తప్ప దారి లేదు. చాలా షెడ్డుల్లో "గాలి తీశాం, ఐనా సౌండ్ పోలేదు, కాబట్టి పంపే" అన్న నిర్ణయానికి వచ్చేది ఈ తొందర వల్లే.

ఇవన్నీ అయ్యాక కూడా మూలుగు, బరువు రెండూ ఉంటే అప్పుడు పంపు. అప్పుడైనా ప్రెషర్ గేజి పెట్టి చూడమనండి. పంపుకీ ర్యాక్‌కీ మధ్య గేజి, వాల్వు బిగించి, ఇంజన్ నడుస్తుండగా వాల్వు మూసి ఒత్తిడి చూస్తారు. మూసి ఉంచేది 10 సెకన్లకి మించకూడదు. కంపెనీ మాన్యువల్లో చెప్పినంత ఒత్తిడి వస్తే పంపు బాగున్నట్టే, లోపం ర్యాక్‌లో ఉంది. రాకపోతే పంపు లేదా అందులోని రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని వెనక్కి వదిలేది. గేజి లేకుండా ఈ తీర్పు ఎవరు చెప్పినా అది ఊహే.

మీరు ట్రావెల్స్ నడుపుతారు కాబట్టి ఒక అలవాటు. ఇరుకులో బండి తిప్పేటప్పుడు స్టీరింగ్‌ని చివరికంటా తిప్పి అక్కడే నొక్కి పట్టకండి. ఆ సమయంలో ఆయిల్‌కి పోయే దారి లేక రిలీఫ్ వాల్వు గుండా తిరిగి తిరిగి మరిగిపోతుంది. చివరికి తగలగానే ఒక పిసరు వెనక్కి వదలండి. ఐదు సెకన్లు దాటి పట్టి ఉంచొద్దు.

ప్రశ్న: వానాకాలంలో మా స్కార్పియో స్టీరింగ్ తిప్పితే కీచుమని అరుస్తుంది. ఎండాకాలం ఉండదు. ఇదీ పంపేనా? – రైతు, సిద్దిపేట

కాదు. కీచు వేరు, మూలుగు వేరు. తడికి, స్టీరింగ్ చివరికి తిప్పినప్పుడు అరిచేది బెల్టు. ఆ క్షణంలో పంపు మీద భారం పెరిగి బెల్టు జారుతుంది. ఇంజన్ నడుస్తుండగా బెల్టు పక్కల లోపలివైపు కొద్దిగా నీళ్లు చిలకరిస్తే అరుపు మారిందంటే ఖాయం. బెల్టు లోపలి గాడుల్లో పగుళ్లు, అద్దంలా మెరుపు ఉంటే మార్చండి. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్‌ని, పంపు పుల్లీని చేత్తో తిప్పి చూడండి, బేరింగు గరగరలాడకూడదు. బెల్టు మీద సబ్బు, గ్రీజు, స్ప్రే ఏదీ రాయొద్దు. రెండు రోజులు నోరు మూయించి మూడో రోజు ఇంకా జారేలా చేస్తాయి.

ప్రశ్న: ఐ20, 2013 మోడల్, 80 వేల కిలోమీటర్లు తిరిగింది. స్టీరింగ్ కాస్త అటూఇటూ కదిపితే లోపల టక్ టక్ అంటోంది. టై రాడ్ ఎండ్లు మార్చారు, లింకు రాడ్లు మార్చారు. సౌండ్ అలాగే ఉంది. ఇప్పుడు ర్యాక్ అంటున్నారు. – బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

ర్యాక్ ఆర్డరు పెట్టకండి. ఈ లక్షణం విన్నప్పుడు హ్యుందాయ్ బళ్లలో మొదట చూడాల్సింది స్టీరింగ్ మోటారు లోపలి చిన్న రబ్బరు కప్లర్. డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ రాడ్డుకి పక్కగా మోటారు ఉంటుంది కదా, ఆ మోటారు ఇరుసుకీ, రాడ్డుని తిప్పే మరచక్రానికీ మధ్య నక్షత్రంలా పళ్లున్న చిన్న ముక్క అది, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. వేడికీ వయసుకీ ఆ రబ్బరు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. పళ్ల మధ్య ఖాళీ వస్తుంది. మోటారు దిశ మార్చుకున్న ప్రతిసారీ ఇనుము ఇనుముకి తగిలి టక్‌మంటుంది.

అదేనని తేల్చుకోవడానికి ఇద్దరు కావాలి. బండి నేల మీదే ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరు స్టీరింగ్‌ని రెండువైపులా ఒక అంగుళం మేర టకటకా కదపాలి. రెండోవారు ఒక్కో చోట చెయ్యి ఆనించాలి. మొదట పెడల్స్ పైన స్టీరింగ్ కాలమ్ (మోటారు ఉండే స్టీరింగ్ రాడ్డు, దాని తొడుగు) మీద, తర్వాత పెడల్స్ దగ్గర నేలలోకి దిగే రాడ్డు మీదున్న యూనివర్సల్ జాయింటు (రాడ్డు వంపు తిరిగే చోటి కీలు) మీద, చివరికి బయట ర్యాక్ నుంచి చక్రాలకి పోయే రెండు టై రాడ్ల మీద. దెబ్బ ఎక్కడ వేళ్లకి గట్టిగా తగిలితే లోపం అక్కడ. కాలమ్ మీదైతే కప్లర్. జాయింటు దగ్గరైతే దానిలోని క్రాస్, అంటే ప్లస్ గుర్తు లాంటి ముక్క, అరిగింది. బయట టై రాడ్డు మీద, ముఖ్యంగా ర్యాక్ గొట్టం చివర తగిలితే అప్పుడు ర్యాక్ ఎండ్, లేదా ర్యాక్ బుష్షు.

కప్లర్ మార్చడానికి సగం రోజు పని. ముక్క ధర కొన్ని వందల్లోనే ఉంటుంది, ఖర్చంతా కూలిదే. చేసేవాళ్లు ఈ నాలుగు సంగతులూ పాటిస్తున్నారో లేదో దగ్గరుండి చూడండి. చక్రాలు తిన్నగా ముందుకి చూసేలా పెట్టి స్టీరింగ్ కదలకుండా కట్టేయాలి. కాలమ్ దించాక స్టీరింగ్ దానంతటదే గిరగిరా తిరిగితే ఎయిర్‌బ్యాగు వైరు ఉండే క్లాక్ స్ప్రింగు తెగుతుంది, అది వేరే ఖర్చు. బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగాకే కాలమ్ ముట్టుకోవాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగు పేలే ప్రమాదం ఉంది. కింది రాడ్డు ఊడదీసేముందు పళ్ల మీద పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి, ఒక్క పన్ను పక్కకి పడినా స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. మోటారు విప్పాక పాత కప్లర్ పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా తుడవాలి. స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న మోడల్ అయితే చివర్లో స్కానర్ (బండి కంప్యూటర్లని చదివే పరికరం) పెట్టి స్టీరింగ్ కోణం సున్నాకి సెట్ చేయించుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ల కారు. అప్పుడప్పుడు ఎర్ర స్టీరింగ్ బొమ్మ వెలిగి స్టీరింగ్ రాయిలా అయిపోతోంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. షోరూంలో మొత్తం కాలమ్ మార్చాలన్నారు. – ఉపాధ్యాయిని, కరీంనగర్

ఎలక్ట్రిక్ స్టీరింగ్ మోటారు ఆగి ఉన్న బండిలో చక్రాలు తిప్పేటప్పుడు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. హెడ్‌లైటు లాగే దానికన్నా ఇది చాలా ఎక్కువ. బ్యాటరీ కాస్త నీరసించినా, ఒక వైరు కొన కాస్త తుప్పు పట్టినా మొదట అలిగేది స్టీరింగే. వోల్టేజీ పడిపోగానే మోటారుని నడిపే కంట్రోలర్ తనని తాను ఆపేసుకుని లైటు వెలిగిస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోవడం ఈ కోవకే సరిపోతుంది. కాబట్టి మల్టీమీటరు తీసుకుని ఈ క్రమంలో చూడండి, లేదా చూపించండి.

రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు చూపాలి. 12.2 కన్నా తక్కువైతే చార్జి సగానికి దిగింది. సెల్ఫ్ కొట్టే సమయంలో 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ ముసలిదైంది. ఇంజన్ నడుస్తుంటే చాలా బళ్లలో 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది. ఏసీ, హెడ్‌లైట్లు వేసి స్టీరింగ్ చివరికంటా తిప్పినా పెద్దగా పడకూడదు. తర్వాత ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి కలిపే తీగ. మీటరు ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి బాడీలో రంగు లేని శుభ్రమైన ఇనుము మీద పెట్టి, ఒకరిని స్టీరింగ్ తిప్పమనండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ స్ట్రాపు కొనలు విప్పి, రుద్ది బిగించాలి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఇక్కడే పోయే జబ్బులు ఎన్నో.

తర్వాత ఇంజన్ గదిలోని ఫ్యూజు పెట్టెలో స్టీరింగ్ ఫ్యూజు. మిగతావాటికన్నా పెద్దది, బండిని బట్టి 50 నుంచి 80 ఆంపియర్లు ఉంటుంది. కంటితో చూసి బాగుందనుకోకండి, మీటరుతో చూడండి, కాళ్లు వదులుగా ఉండి కాలిన రంగు ఉందేమో గమనించండి. కాలిపోతే అదే ఆంపియర్ది వేయాలి. అక్కడ తీగ చుట్టడం అంటే డ్యాష్‌బోర్డు కింద మంట పెట్టుకోవడమే.

ఇవి సరిగ్గా ఉంటే స్కానర్. ఇంజన్ కోడ్లు మాత్రమే చదివే చవక పరికరం ఇక్కడ పనికిరాదు, స్టీరింగ్ మాడ్యూల్ (అదే కంట్రోలర్) లోకి వెళ్లగలిగేది కావాలి. 'సి'తో మొదలయ్యే కోడ్లు స్టీరింగ్, బ్రేకులకి సంబంధించినవి. 'యు'తో మొదలైతే మాడ్యూళ్ల మధ్య సమాచారం తెగిందని. బండి వేగం సమాచారం అందకపోయినా స్టీరింగ్ లైటు వెలుగుతుంది, అప్పుడు లోపం చక్రం దగ్గరి సెన్సార్‌లో ఉండొచ్చు. టార్క్ సెన్సార్ (మీ చెయ్యి స్టీరింగ్‌ని ఎంత బలంతో తిప్పుతోందో కొలిచేది) కోడ్ పదేపదే వస్తేనే కాలమ్ మాట. కోడ్ నంబరు కాగితం మీద రాసి ఇమ్మనండి. అది లేకుండా కాలమ్ మార్చడానికి ఒప్పుకోకండి.

లైటు వెలగకుండా, ఇరుకు సందులో పదిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాక మాత్రమే బరువెక్కితే అది జబ్బు కాదు. మోటారు వేడెక్కి తన బలం తనే తగ్గించుకుంది. కొన్ని నిమిషాలు వదిలేస్తే తిరిగొస్తుంది.

ప్రశ్న: స్టీరింగ్ వదిలితే ఎడమకి లాగేస్తోంది. అలైన్‌మెంట్ మూడుచోట్ల చేయించాను, రిపోర్టు బాగుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్. – గుంటూరు

ముందు చక్రాల టైర్లు ఒకదాని చోట ఒకటి మార్చండి. లాగుడు కుడికి మారితే టైరుదే తప్పు. మారకపోతే, బండ్లు తిరగని ఖాళీ మైదానంలో, ఇంజన్ ఆపి స్టీరింగ్ ఫ్యూజు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి 20 కిలోమీటర్ల లోపు వేగంలో నడపండి. స్టీరింగ్ చాలా బరువుగా ఉంటుంది, తెలిసే చేయండి. లాగుడు పోయిందంటే మోటారే మిమ్మల్ని ఎడమకి తిప్పుతోంది. టార్క్ సెన్సార్ సున్నా తప్పింది. స్కానర్‌తో సున్నా సెట్ చేయించి చూడండి, నిలవకపోతే కాలమ్ మార్చాలి. అంతవరకు ఆ బండిని హైవే ఎక్కించొద్దు. ఫ్యూజు లేకపోయినా లాగుడు ఉంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు, కింది ఆర్మ్ బుష్షు నలిగి ఉండొచ్చు. బండి నడిపాక రెండు ముందు డిస్కుల దగ్గర చెయ్యి ఆనించకుండా వేడి పోల్చి చూడండి.

ప్రశ్న: టవేరా. వారానికోసారి ఆయిల్ పోయాల్సి వస్తోంది. లీకు ఆపే మందు దొరుకుతుందట, పోయనా? – కిరాయి బండి యజమాని, ఖమ్మం

ఆ మందు పాత సీళ్లని ఉబ్బేలా చేస్తుంది. కొన్ని రోజులు నిలుస్తుంది, తర్వాత సీలు మెత్తబడి ఇంకా కారుతుంది. బండి అమ్మేసేవాళ్లకి తప్ప ఎవరికీ ఉపయోగం లేదు, కొనేవాళ్లకి అది అన్యాయం.

లీకు చోటు పట్టుకోండి. పంపు, పైపులు, ర్యాక్ (కొన్ని బళ్లలో దాని బదులు స్టీరింగ్ బాక్సు) అన్నీ కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక జాయింట్ల మీద టాల్కం పౌడర్ చల్లండి. ఇంజన్ నడిపి స్టీరింగ్‌ని రెండు చివర్లకీ నాలుగైదుసార్లు తిప్పండి. తెల్లటి పొడిలో ఎర్రటి తడి ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. తడికి కింది చోటు కాదు, పైచోటు చూడాలి, ఆయిల్ జారుతూ వచ్చి ఎక్కడో చుక్క పడుతుంది. ప్రెషర్ పైపులో రబ్బరు, ఇనుప గొట్టం కలిసే నొక్కుడు దగ్గర కారడం చాలా సాధారణం. ఆ పైపు కొత్తది వేయాలి, క్లాంపు బిగిస్తే ఆగదు, ఆ ఒత్తిడికి క్లాంపు నిలవదు.

ర్యాక్ ఉన్న బళ్లయితే రెండు చివర్లా ఉండే ముడతల రబ్బరు బూట్లు నొక్కి చూడాలి. లోపల గళగళమంటే, క్లాంపు వదులు చేస్తే ఆయిల్ వస్తే, ర్యాక్ సీలు పోయిందని. అప్పుడూ వెంటనే కొత్త ర్యాక్ అనక్కర్లేదు. బూటు వెనక్కి జరిపి, ర్యాక్ బారుని రెండు చివర్లకీ తిప్పించి, దాని మీద గోరు పెట్టి జార్చి చూడండి. గీతలు, తుప్పు గుంటలు గోటికి తగలకపోతే సీల్ కిట్ సరిపోతుంది. తగిలితే కొత్త సీలు వేసినా ఆ గీతలు దాన్ని కోసేస్తాయి. బారు అలా పాడవడానికి కారణం దాదాపు ఎప్పుడూ చిరిగిన బూటే. పొలం గట్ల మీద, మట్టి రోడ్ల మీద తిరిగే బళ్లకి ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ రెండు బూట్ల ముడతలూ వేళ్లతో విడదీసి మధ్యలో చూడాలి.

ప్రశ్న: మావాడు స్టీరింగ్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోశాడు. ఏమవుతుంది? – నెల్లూరు

ఇంజన్ స్టార్ట్ చేయకపోతే బతికిపోయారు. సిరంజితో డబ్బా ఖాళీ చేసి, డబ్బా విప్పి కడిగి, పైన ఇన్నోవా జవాబులో చెప్పినట్టు కొత్త ఆయిల్‌తో రెండుసార్లు కడిగేయండి. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం, స్టీరింగ్ సీళ్లు ఖనిజ నూనెకి చేసినవి. ఇది తగిలితే అవి ఉబ్బి మెత్తబడతాయి. బండి ఇప్పటికే తిరిగి ఉంటే కడిగాక కూడా కొన్ని వారాలు లీకేజీ కనిపెడుతూ ఉండండి, పంపు, ర్యాక్ సీళ్లు మార్చాల్సి రావచ్చు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మా కారు సీట్ల దాకా మునిగింది. అప్పుడు బాగు చేయించాం, నడిచింది. ఇప్పుడు తేమగా ఉన్న రోజుల్లో స్టీరింగ్ లైటు వెలుగుతోంది. – విజయవాడ

ఇలాంటి ఉత్తరాలు ఇంకా వస్తాయి. నీళ్లు ఎండిపోయినా కనెక్టర్లలో మిగిలిన బురద ఉప్పు రాగి పిన్నులని నిదానంగా తినేస్తుంది. బ్యాటరీ తీసి, స్టీరింగ్ మోటారు, కంట్రోలర్ కనెక్టర్లు విప్పించండి. పిన్నుల మీద పచ్చటి పొడి ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. గరుకు కాగితం పెడితే పిన్ను మీది పూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. ఒక్కో వైరుని మెల్లిగా లాగి చూడండి, తొడుగు లోపల రాగి నల్లబడి తెగేలా ఉంటే ఆ మేరకు కోసి కొత్త వైరు కలపాలి. కార్పెట్ కింద, గుమ్మం పట్టీల పక్కన పోయే వైర్ల కట్టలోని జాయింట్లు కూడా చూపించండి, అక్కడ తడి నెలల తరబడి నిలుస్తుంది. పాత సామాన్ల దుకాణంలో కంట్రోలర్ తెచ్చి వేయడం మాత్రం ఆలోచించి చేయండి. చాలా బళ్లలో దాన్ని మీ బండికి కోడింగ్ చేయకుండా పనిచేయదు.

ప్రశ్న: సస్పెన్షన్ పని చేయించాక, మలుపు తిరిగితే స్టీరింగ్ దానంతటది నిటారుకి రావట్లేదు. – అనంతపురం

ముందు చక్రాలు లేపి, తాళం ఒక మెట్టు తిప్పి, స్టీరింగ్ చేత్తో తిప్పండి. ఒక చుట్టులో రెండుసార్లు బరువు, రెండుసార్లు తేలిక అనిపిస్తే కింది రాడ్డు యూనివర్సల్ జాయింటు పట్టేసింది. చుట్టంతా ఒకేలా బిగువుగా ఉంటే, స్టీరింగ్ తిప్పుతూ బానెట్ కింద ముందు స్ప్రింగుల మీద చెయ్యి పెట్టండి. స్ప్రింగు ముడుచుకుని ఒక్కసారిగా టంగ్‌మని జారితే షాకర్ పైన ఉండే బేరింగు తిరగట్లేదు, లేదా బిగించేటప్పుడు తిరగేసి పెట్టారు. అవేవీ కాకపోతే కొత్తగా వేసిన బాల్ జాయింట్లు. టైరు గాలి కూడా చూడండి, ముందు టైర్లలో 30 ఉండాల్సింది 20 ఉంటే ఏ స్టీరింగైనా ఇలాగే మొరాయిస్తుంది.

ప్రశ్న: ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని మా డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడు. పవర్ స్టీరింగ్‌కి నష్టమా? – మినీ బస్సు యజమాని, పాడేరు

నష్టం స్టీరింగ్‌కి కాదు, అందులో కూర్చున్నవాళ్లకి. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. ఎలక్ట్రిక్ రకంలోనూ చాలా బళ్లలో ఇంజన్ ఆగితే మోటారు సాయం ఆగుతుంది. చక్రాలకీ స్టీరింగ్‌కీ ఇనుప బంధం ఉంటుంది కాబట్టి తిరగడం తిరుగుతుంది, కానీ మలుపులో ఆ బరువు చేతికి లొంగదు. కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ ఉన్న బ్రేకులకి మిగిలేది రెండుమూడు తొక్కుళ్ల బలమే, ఆ తర్వాత పెడల్ గట్టిపడుతుంది. తాళం పూర్తిగా వెనక్కి తిప్పాడా, స్టీరింగ్ లాకే పడిపోవచ్చు. పైగా ఈ కాలపు డీజిల్ ఇంజన్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు దిగువకి దొర్లుతుంటే ఇంధనం దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగమనండి, డీజిలూ మిగులుతుంది, బ్రేకులూ వేడెక్కవు.

నడుస్తుండగా స్టీరింగ్ హఠాత్తుగా బరువెక్కితే ఏం చేయాలో కూడా అతనికి చెప్పండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఇంజన్ ఆపకుండా, నాలుగు ఇండికేటర్లు వేసి ఎడమ పక్కకి తీయాలి. అదే సమయంలో బ్యాటరీ లైటు కూడా వెలిగిందా చూడాలి. వెలిగితే బెల్టే తెగింది. చాలా బళ్లలో ఆ ఒక్క బెల్టే నీళ్ల పంపుని కూడా తిప్పుతుంది, కాబట్టి పక్కకి తీశాక వెంటనే ఇంజన్ ఆపేయాలి, షెడ్డుదాకా నడుపుకుపోదామంటే హెడ్డు గ్యాస్కెట్ కాలుతుంది. బ్యాటరీ లైటు లేకుండా స్టీరింగ్ ఒక్కటే బరువైతే బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడాలి. డబ్బా ఖాళీ అయితే ఎక్కడో పైపు ఊడిందని. అలా పంపు ఎండిపోయి తిరిగే ప్రతి నిమిషం దాన్ని లోపల గీరేస్తుంది, అక్కడినుంచి బండిని లాగించుకుపోవడమే మంచిది.